బావ నా చేతిలో ఓడిపోయిన రోజు

మొన్న నెల్లూరులో మా ఆవిడ మిక్సీ కొనడానికి వెళ్తే, సంచి మోసే హోదాలో నేనూ వెంట వెళ్లాను. ఆమె ఒక్కో మిక్సీ మూత తీసి, లోపలి బ్లేడును వేలితో తిప్పి చూసి, మా పెళ్లిచూపుల్లో మావాళ్లను కూడా అడగనన్ని ప్రశ్నలు అడుగుతుంటే నేను మెల్లగా టీవీల వైపు జరిగాను. అక్కడ ఒక పెద్ద తెర ముందు కొత్త వీడియో గేమ్ మిషను పెట్టి ఉంది. అమ్మే అమ్మాయి నన్ను చూసి మనవల కోసం వచ్చాననుకుంది కాబోలు, "ఒకసారి ఆడి చూడండి సార్" అని రిమోటు చేతికిచ్చింది. తెర మీద క్రికెట్. బౌలరు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నా బొటనవేలు నన్ను అడక్కుండానే మీట నొక్కింది. బంతి లేచి వెళ్లి జనంలో పడింది. "మీకు బాగా వచ్చు కదా సార్" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. వచ్చమ్మా, నేర్పినవాడు అలాంటివాడు అనుకుంటూ రిమోటు అక్కడే పెట్టేసి వచ్చాను. బస్సు అల్లూరు చేరేదాకా మా ఆవిడ మిక్సీ గుణగణాలు చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. మనసు మాత్రం మా బావ చుట్టూ తిరుగుతోంది.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన మా ఇంటికి అల్లుడుగా వచ్చేటప్పటికి నేను హైస్కూలు పిల్లవాణ్ణి. నాకు ఈత నేర్పింది ఆయనే, మోటారు సైకిలు నేర్పింది ఆయనే. మా వైపు వరి మళ్లన్నీ తవ్వి రొయ్యల గుంటలు చేస్తున్న రోజుల్లో, ఉన్న కాస్త నేల ఉప్పుపాలు చేసుకుంటానేమోనని నేను భయపడుతుంటే, "నేనుండా గదా అబ్బయా" అని దగ్గరుండి తవ్వించిందీ ఆయనే. ఏ సీడు, అంటే రొయ్యపిల్ల, మంచిది, మేత ఎప్పుడు తగ్గించాలి, నీటి రంగు మారితే ఏం చేయాలి, అన్నీ ఆయన నోటి నుంచే విన్నాను. ఆయన గుంటలు కాలువకు పైన రెండు, కింద ఒకటి. నాది ఒక్కటే గుంట, ఆయన కింది గుంటకు కొంచెం ఎగువన. మా ఇళ్లకు మధ్య ఒక వీధి మాత్రం అడ్డం. ఆయన మాట మీద నాకున్న గురి ఎంతటిదంటే, వాన వస్తుందని ఆయన అంటే నేను ఆకాశం వైపు చూడకుండానే గొడుగు తీసేవాణ్ణి. మా ఆవిడ ఈ విషయంలో నన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో చెప్పలేను.

ఆయనకున్న వ్యసనం ఒక్కటే, పేకాట. రొయ్యల సాగులో పొద్దున ఒక హడావుడి, సాయంత్రం ఒక హడావుడి. మధ్యలో గాలి అందించే ఏరేటర్లు నీళ్లు చిలుకుతుంటే మనుషులు గట్టు మీద షెడ్లలో కూర్చుని ముక్కలు పంచుకుంటారు. ఒకసారి పోలీసులు వస్తే బావ కాలువలోకి దూకి, మెడలోతు నీళ్లలో నిలబడి, నెత్తిన నాచు కప్పుకున్నాడు. వాళ్లు గట్టు మీద తీరిగ్గా టీ తాగి వెళ్లేదాకా బయటికి రాలేకపోయాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకొని నవ్వింది, మా అక్క ఒక్కతీ నవ్వలేదు. కొండకు తీసుకుపోయి, గుండు కొట్టించి, ఇక ముక్క ముట్టనని స్వామి ఎదుట ఒట్టు వేయించింది. బావ ఒట్టు తప్పలేదు, కాని మధ్యాహ్నం వచ్చిందంటే మనిషి నిలవలేకపోయేవాడు. మా ఇంటికొచ్చి చాపమీద పడుకుని ఫ్యాను వైపు చూస్తూ, "ఈ మద్దేనాలు ఎట్టా గడిపేది అబ్బయా" అనేవాడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు సెలవుకొచ్చి ఈ అవస్థ చూసింది. "నాన్నా, వీడియో గేము కొనుక్కోండి. పోలీసులు రారు, దేవుడికీ కోపం రాదు" అంది. ఆ అమ్మాయి తమాషాకే అంది. బావ మాత్రం మర్నాడు పొద్దున మేత వేయడం అవగానే తెల్లచొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

నెల్లూరు షాపులో కుర్రవాడు మమ్మల్ని కూర్చోబెట్టి, ఏ వయసు పిల్లలకు ఏ ఆటలు మంచివో చెబుతూ, "మీ పిల్లలెట్టాంటోళ్లు సార్" అని అడిగాడు. బావ ముఖంలో నవ్వన్నది లేకుండా, "ఇద్దరు. పెద్దోడికి షుగరు, చిన్నోడికి బీపీ" అన్నాడు. ఆ కుర్రవాడికి సంగతి అర్థమైంది, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. అట్టపెట్టెను బావ బస్సులో ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొదువుకున్నాడు. ఇంటికి రాగానే మా ఆవిడ కొత్త మోటారుకు చేసినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టింది. మిషను మా ఇంట్లోనే ఉండాలని ముందే తీర్మానం అయింది. అక్క ఎదురుగా ఆడితే పేకాటకూ దానికీ తేడా ఏమిటో రోజూ వివరించుకోవలసి వస్తుందని బావ భయం.

మా దగ్గర ఇనుప వస్తువేదైనా ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడుతుంది. అందుకని బావ ఆ మిషనుకు మేత సంచీ లోపలుండే ప్లాస్టిక్ కవరు తొడిగి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి గట్టిగా బిగించాడు. ఆట మంచి రసపట్టులో ఉండగా అది వేడెక్కి ఆగిపోయింది. షాపుకు ఫోన్ చేస్తే ఆ కుర్రవాడు అంతా విని, "దానికి గాలాడాలి సార్" అన్నాడు. రొయ్యలకు గాలి అందడం లేదని రాత్రింబవళ్లు మోటార్లు తిప్పే మనుషులం, మాకు ఆ మాట ఒకరు చెప్పాల్సి వచ్చింది. బావ మాత్రం తన తప్పు ఒప్పుకోలేదు, ప్లాస్టిక్ నాసిరకమన్నాడు.

అక్కడి నుంచి మొదలైన మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో ఇప్పుడు చెప్పడానికి కూడా కష్టంగా ఉంది. ఆ ఆటలో మన జట్టు మనమే తయారు చేసుకుని, ఆటగాళ్లకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. బావ తన జట్టు నిండా మా చుట్టాలను నింపాడు. వికెట్ కీపరుగా మా అక్కను పెట్టాడు, ఆమె చేతినుంచి ఏదీ జారిపోదని. నా జట్టులో బౌలరుకు, రొయ్యలు కొనే ఏజెంటు పేరు పెట్టాలని పట్టుబట్టాడు. పట్టుబడి నాడు, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మే రోజున, సైజు లేదు, రంగు లేదు అని మమ్మల్ని ఏడిపించే ఆ మహానుభావుణ్ణి సిక్సర్లు కొడుతుంటే ఆయన కళ్లలో కనిపించే తృప్తి చూసి తీరాలి. మా ఆవిడ అప్పుడప్పుడు కార్ల పందెం ఆడేది. మలుపు వస్తే ఆగి, వెనక వచ్చేవాళ్లకు దారి ఇచ్చి, నింపాదిగా ఆఖరున చేరుకునేది. టీ గ్లాసులు, వేయించిన రొయ్యపొట్టు, ఏరేటర్ల చప్పుడు, బావ నవ్వు. ఆయనే ఎప్పుడూ గెలిచేవాడు. పేక పట్టిన వేళ్లు కదా, నాకంటే చురుకు. ఆఖరి ఓవర్లో నా వికెట్ల కాళ్ల దగ్గర పడేలా ఒక బంతి వేసేవాడు. నేను బ్యాటు ఎత్తేలోపలే వికెట్లు లేచిపోయేవి. ఇంత వయసొచ్చి నాకు ఆ రోజుల్లో ఉన్న కోరిక ఒక్కటే, బావను ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఓడించాలి.

ఇక్కడ మా కాలువ గురించి ఒక మాట చెప్పాలి. అందరం దానిలోనుంచే నీళ్లు తోడుకుంటాం, దానిలోకే వదులుతాం. అందుకని ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గుంటకైనా తెల్లమచ్చ జబ్బు తగిలితే, వాళ్లు తమ తూము దగ్గర కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి, పక్కవాళ్లకు తామే వెళ్లి చెప్పాలి, బ్లీచింగు కలిపి నీళ్లు ఆపి ఉంచాలి. ఎర్రగుడ్డ ఉన్నన్నాళ్లు ఎవరూ మోటారు వేయరు. ఇది రాసుకున్నది కాదు, సంతకాలు లేవు. కూలిమనిషి దగ్గర నుంచి మోతుబరి దాకా దాన్ని పాటిస్తారు, ఎందుకంటే ఒక్కడు దాస్తే అందరూ పోతారు. నేను మోటారు వేయించే ముందు కాలువ పొడవునా ఒకసారి నడిచి కర్రలు చూసి వచ్చేవాణ్ణి. ఆ అలవాటు కూడా బావ చేసిందే.

ఆ అమావాస్య నాడు సముద్రపు పోటు మీద గుంటకు నీళ్లు పెట్టుకోవాలి. పొద్దు వాలేసరికి కాలువ నిండుతుంది. ఆట మధ్యలో నేను రిమోటు కింద పెట్టి లేచాను. "ఎక్కడికి పోతుండావ్" అన్నాడు బావ. కాలువ చూసొస్తానన్నాను. ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండా, "నేనిప్పుడు ఆ గట్టు మీంచే గదా వచ్చినా. నీళ్లు అద్దంలాగుండాయి. కూర్చో, మోటారెయ్యమని మీ కావలోడికి ఫోన్ చెయ్యి" అన్నాడు. నేను ఒక చేత్తో ఫోన్ చేస్తూ రెండో చేత్తో రిమోటు అందుకున్నాను. ఆ సాయంత్రమే నేను బావ మీద గెలిచాను. ఆఖరి బంతికి సిక్సరు. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చేలా అరిచాను. బావ లేచి నా భుజం తట్టి, "నేర్చుకున్నావు అబ్బయా" అన్నాడు. నేను మిఠాయి తెప్పించి వీధిలో పంచాను. కారణం అడిగినవాళ్లకు సిగ్గుపడకుండా కారణం చెప్పాను.

కొద్దిరోజులకే నా గుంటలో రొయ్యలు పైకి తేలి, గట్టు వారకు వచ్చి నిలబడ్డాయి. ఒకదాన్ని పట్టుకుని తలపెంకు ఒలిచి వెలుగులో చూస్తే తెల్లని చుక్కలు. కొంగలూ కాకులూ అప్పటికే దిగాయి. బావ వచ్చి గట్టు మీద నా పక్కనే నిలబడ్డాడు. "ఈ కారు అందరికీ ఇంతే అబ్బయా, మనసు గట్టి చేసుకో" అని వీపు నిమిరాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన దగ్గర ఏడవడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు.

కట్టుబాటు ప్రకారం నా తూము దగ్గర ఎర్రగుడ్డ కట్టి, పక్క గుంటలవాళ్లకు చెప్పడానికి బయలుదేరాను. బావకు తెలుసు కాబట్టి ఆయన కావలి మనిషికి చెబితే చాలుననుకుని కింది గుంటకు వెళ్లాను. గుంటలో నీళ్లు లేవు. అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది, దాని మీద వేలెడు కూడా ఎదగని రొయ్యలు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. కావలి మనిషి నన్ను చూసి జాలిగా, "మీక్కూడా తగిలిందా అయ్యా. మాది అమాస నాడే తీసేసినాం. మీకు చెప్పినాననే అన్నాడే మా అయ్య" అన్నాడు. అతను అబద్ధం ఎరగడు, అతనికి అబద్ధం అవసరమూ లేదు. అమావాస్య మధ్యాహ్నం వాళ్లు తూము ఎత్తారు. నేను ఆ రోజు గట్టు మీదికి నడిచి ఉంటే అది నా కంటబడేది. ఆ నీళ్లు సముద్రం చేరకముందే పోటు వాటిని వెనక్కి తోసింది. నా మోటారు వాటిని తోడింది. నేను మా ఇంట్లో చాపమీద కూర్చుని సిక్సరు కొట్టాను.

మర్నాడు మధ్యాహ్నం బావ ఎప్పటిలాగే కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, చాపమీద కూర్చుని, తన రిమోటు తీసుకున్నాడు. నేను టీవీ పెట్టలేదు. "మీ కింది గుంట చూసొచ్చినా బావా" అన్నాను. ఆయన రిమోటు మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. తర్వాత, కోపం లేకుండా, సిగ్గూ లేకుండా, సీడు గురించి చెప్పినట్టే చెప్పాడు. పై గుంటలు పట్టుబడికి వచ్చి ఉన్నాయట. జబ్బు మాట బయటికి పొక్కితే కొనేవాళ్లు వాటి దగ్గరకు కూడా రారట. "నీది ఒక్క గుంట, తట్టుకుంటావనుకున్నా" అన్నాడు.

"గుడ్డ కట్టకపోతే కట్టకపోయినావు. నీళ్లు బాగుండాయని ఎందుకు చెప్పినావు బావా?"

"చెప్పకపోతే నువ్వు లేచిపోతావు గదా."

ఆ మాట విన్నాక నాకు రొయ్యలు గుర్తులేవు, గుంట గుర్తులేదు. ఆఖరి ఓవర్లో ఎప్పుడూ వికెట్ల కాళ్ల దగ్గర బంతి వేసే మనిషి, ఆ సాయంత్రం మాత్రం నా బ్యాటుకు అందేటట్టు, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు, ఎత్తుగా ఒక బంతి వేశాడు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఓడిపోతూ ఉంటే విసుగెత్తి లేస్తాను. గెలుస్తూ ఉంటే లేవను. నా గురించి ఆయనకు తెలియనిదేముంది? "అయితే ఆ రోజు ఆట కావాలనే ఓడిపోయినావా?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినబడింది.

బావ రిమోటును నెమ్మదిగా చాపమీద పెట్టాడు. "అది మాత్రం అడగబాక అబ్బయా" అని, లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

తర్వాత అక్క వచ్చి ఏడ్చింది. ఆమెకేమీ తెలియదు, ఆమె మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ చేపల పులుసు గిన్నె ఆ వీధి దాటి వస్తూనే ఉంటుంది. పెళ్లిళ్లలో బావా నేనూ ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తాం, ఆయన వడ్డించేవాడితో "మా అబ్బయకు ఇంకొంచెం వెయ్యి" అంటాడు, నేను తింటాను. మిషనును మేనకోడలు తడకు తీసుకుపోయింది. మరుసటి పంటకు మళ్లీ సీడు వదిలాను, అది ఎదిగింది, పట్టుబడి అయింది, అమ్ముడుపోయింది. పోయిన పంటకు బదులు ఇంకో పంట వస్తుంది, ఆ లెక్కన గుంట నన్ను మోసం చేయలేదు. రాబోయే రోజుల గురించే మనకు భయమనీ, గడిచిపోయినవి మాత్రం మన సొంతమనీ, వాటిని ఇక ఎవరూ ముట్టుకోలేరనీ నేను చాలాకాలం నమ్మాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న సాయంత్రం ఇంకొకటి లేదు, అది నాదని చెప్పుకోవడానికి మాత్రం ఈనాటికీ నోరు రావడం లేదు.