ఆవిరి నిలవని రాయి

మా కంసాలి బావ పోయాడు. రెండు వారాల కిందట పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి, అన్నం వద్దని పడుకున్నాడట. మధ్యాహ్నం భార్య లేపితే లేవలేదు. వాళ్ళ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను తోటలో జీడిపిక్కలు ఎండబెట్టిస్తున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని ఆ పిక్కల పక్కనే కూలబడ్డాను. ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఇలాంటి కబురు కొత్తది కాదు. ఈ ఏడాది ఎన్ని పదోరోజు భోజనాలకు వెళ్ళానో గుర్తు లేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి. అది అయిపోయింది.

నేను చదివింది మూడో తరగతి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంకొకరి చేత రాయించవచ్చు. కానీ ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ఇంకొకరైతే దాన్ని మెత్తగా రాస్తారు.

బావ అంటే చుట్టరికం కాదు. ఆయన బంగారం పని చేసే మనిషి, నేను జీడితోట రైతుని. నలభై ఏళ్ళ కిందట నా భార్యకు ముక్కుపుడక చేయించడానికి కాశీబుగ్గలో ఆయన కొట్టు మెట్టెక్కాను. ముక్కుపుడక కుదరడానికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను. అంతే.

ఆయన పద్ధతులు ఆయనవి. రాయిని కరెంటు దీపం కింద చూసేవాడు కాదు. ఎవరు తొందరపెట్టినా సరే, పొద్దు వాలితే రాళ్ళ పెట్టె మూసేసి, పొద్దున్న రమ్మనేవాడు. మన నగ అరగదీసినప్పుడు రాలిన పొడి కాగితంలో మడిచి మన చేతిలోనే పెట్టేవాడు. కిడ్నీలు పాడయ్యాక రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలన్నారు. చిన్న సీసా ఒకటి పక్కన పెట్టుకుని, ఒక్కో నగ పూర్తయ్యాక ఒక్క గుక్క తాగేవాడు. పని లేని రోజు దాహం ఎక్కువ బావా అనేవాడు.

రాయిని గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆయనే. రాయి మీద నోటితో ఊదాలి. గాజైతే ఆవిరి పట్టి కాసేపు మసకగా ఉంటుంది. వజ్రం మీద ఆవిరి నిలవదు, పట్టీపట్టగానే పోతుంది. ఆ ఒక్క విద్యతో నేను చాలా పెళ్ళిళ్ళలో పెద్దమనిషినయ్యాను. ఎవరి దుద్దులైనా సరే, ఇలా ఇమ్మని ఊదేసేవాడిని. నా భార్య సిగ్గుతో చచ్చిపోయేది.

మా చిన్నప్పుడు ఏడు రాళ్ళ దుద్దులున్న ఇల్లు మా ఊళ్ళో ఒక్కటే. ఇప్పుడు ఆ ఏడు రాళ్ళూ కలిపినా సరిపోనంత రాయి ఒక్కటి నడిమధ్యన పెట్టిన ఉంగరం కావాలంటున్నారు పిల్లలు. నందిగాం నుంచి వచ్చినా భావనపాడు నుంచి వచ్చినా ఫోన్‌లో అదే బొమ్మ చూపిస్తున్నారని బావ చెప్పేవాడు. అవి ల్యాబ్‌లో తయారైన వజ్రాలట. నేల తవ్వక్కర్లేదట. నేను నవ్వాను. అది వజ్రమెలా అవుతుందన్నాను.

"మిషన్లో పొదిగిన పిల్ల కోడి కాదేటి?" అన్నాడు.

"నాటుకోడి రుచి వత్తాదేటి?" అన్నాను.

"రాయిని కూరొండుకుంటావేటి నువ్వు?" అన్నాడు.

ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. నేను అక్కడితో ఆగలేదు. ఊళ్ళో ఎవరింట్లో అలాంటి ఉంగరం కనిపించినా మిషను కోడి అని ఎగతాళి చేస్తూ తిరిగాను.

పోయిన ఏడాది మా మనవరాలి నిశ్చితార్థం టెక్కలిలో జరిగింది. మా రోజుల్లో తాంబూలాలే, ఇప్పుడు ఉంగరాలు. సంతబొమ్మాళి వైపు సంబంధం. పెళ్ళికొడుకు తొడిగిన ఉంగరంలో రాయి జీడిపప్పు బద్దంత ఉంది. జన్మంతా జీడిపప్పు చూసిన కళ్ళు నావి. విరగని పెద్ద గుండు పప్పుకే ధర, చిన్నదానికి లేదు. ఆ కళ్ళతోనే రాయినీ చూశాను. పిల్ల చెయ్యి పట్టుకుని అందరి ముందూ ఊదాను. ఆవిరి నిలవలేదు. ల్యాబ్ రాయైతే నిలుస్తుందని నాకు నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. లేచి నిలబడి, నేల తవ్వి తీసిన అసలైన వజ్రం ఇది, మా పిల్ల విలువ తెలిసినవాళ్ళు పెట్టారు, మిషను కోళ్ళు పెట్టేవాళ్ళు చూసి నేర్చుకోండని గట్టిగా చెప్పాను. పెళ్ళికొడుకు ఏదో అనబోయాడు. మనవరాలు వాడి చెయ్యి నొక్కింది. అది నేను చూశాను. సిగ్గనుకున్నాను.

ఉంగరం వదులైంది. బిగించమని బావ దగ్గరకు తీసుకెళ్ళాను. సాయంత్రమైంది, ఉంగరం ఉంచి పొద్దున్న రమ్మన్నాడు. పొద్దున్న వెళ్తే భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. రాయి అంచు మీద వెంట్రుక కన్నా సన్నగా అక్షరాలున్నాయన్నాడు. ల్యాబ్‌లో పెంచిందని రాసి ఉందన్నాడు.

మోసం చేశారన్నాను. సంబంధం వదిలేస్తానన్నాను. పెద్దమనుషుల్ని కూర్చోబెడతాను, నువ్వొచ్చి వాళ్ళ ముందు ఈ మాట చెప్పాలన్నాను. ఆయన భూతద్దం తుడిచి పక్కన పెట్టాడు.

"మోసమెవుడు సేసేడు బావా? నేల్లోంచి తీసిందని ఆళ్ళు సెప్పేరేటి?"

ఉంగరం ఇటివ్వమని చెయ్యి చాపాను.

"ఆళ్ళు దాసలేదు. రాయి మీదే రాసీసేరు. అబద్దం ఆడింది నువ్వు. నాను రాను."

నలభై ఏళ్ళలో నన్నెవరూ అలా అనలేదు. డయాలసిస్ మంచమెక్కాక నీకు కళ్ళు కూడా పోయాయి అన్నాను. ఆ మాట అన్నాను. ఉంగరం లాక్కుని వచ్చేశాను. అప్పటికే బిగించి ఉంచాడని ఇంటికొచ్చాక తెలిసింది.

ఇంట్లో మనవరాలి ముందు ఉంగరం విసిరాను. అది తీసి తొడుక్కుంది. సరిగ్గా పట్టింది.

"మేమిద్దరమే కలిసి కొన్నాం తాతా. నాకు నచ్చింది. అందరి ముందూ నువ్వంత సంతోషంగా సెప్తంటే ఎలా ఆపీది?" అంది.

నా ముఖం చూసి పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను సంబంధం మాట మళ్ళీ ఎత్తలేదు.

పెళ్ళి పగటి ముహూర్తం. పిలుపు మా అబ్బాయి చేత పంపాను, నేను వెళ్ళలేదు. అయినా బావ వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. వెనక వరసలో కూర్చున్నాడు. జీడిపిక్కల బేరంలో నాతో ఎప్పుడూ పడని మనిషి ఒకడున్నాడు. వాడు పదిమందిని వెంటేసుకుని బావ దగ్గరకెళ్ళి, ఆ ముసలాడు ఊదిందేమిటో నువ్వు తేల్చమన్నాడు. నేను స్తంభం పక్కనే ఉన్నాను. నా పరువు ఆయన నోట్లో ఉంది.

బావ మనవరాలిని అడిగి ఉంగరం తీసుకున్నాడు. హాల్లో అన్ని దీపాలుంటే, వాటి కింద చూడకుండా, మెల్లగా గుమ్మం బయటికి, ఎండలోకి నడిచాడు. వాళ్ళందరూ వెనకే వెళ్ళారు. రాయి మీద ఊదాడు.

"ఆవిరి నిలబడ్డాదా? లేదు కదా. వజ్రం. ఏటి, నువ్వు కొంటావేటి?"

అందరూ నవ్వారు. వాడు వెళ్ళిపోయాడు. బావ అబద్ధం ఆడలేదు. అడగనిది చెప్పలేదు. ఉంగరం పిల్లకిచ్చి మళ్ళీ వెనక వరసకే వెళ్ళి కూర్చున్నాడు.

నేను ఆయన దగ్గరకు వెళ్ళాలి. పది అడుగులు. వెళ్ళలేదు. ఒక కూల్‌డ్రింక్ సీసా పంపించాను. ఆయన తాగకూడదని గుర్తు రాలేదు. ఆయన దాన్ని తిప్పి పంపలేదు, కింద పెట్టలేదు. భోజనాలయ్యేదాకా రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తరువాత వెళ్దామనుకున్నాను. పిక్కలు ఏరడం అవ్వాలి అనుకున్నాను. పిక్కలు అమ్మాలి అనుకున్నాను. వెళ్ళి ఏమనాలో తెలియక అవన్నీ అడ్డం పెట్టుకున్నాను.

పదోరోజుకి మనవరాలు కూడా వచ్చింది. బావ భార్య కొట్టు తలుపు తీసి చూపించింది. ఆయన కూర్చునే పీట అక్కడే ఉంది. నీళ్ళ సీసాలో సగం నీళ్ళున్నాయి. నేను లోపలికి వెళ్ళలేక మెట్టు మీద కూర్చున్నాను. అక్కడ ఎండ బాగా ఉంది. మనవరాలు పక్కన కూర్చుని, అడక్కుండానే ఉంగరమున్న చెయ్యి చాపింది.

ఊదాను. నా చూపు ఆనే లోపే ఆవిరి పోయింది. మళ్ళీ ఊదాను. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు.