పేరయ్యకు చెప్పని ఒక్క గోలు

భవానీపురం రేవులో పేరయ్యను గురించి ఎవరిని అడిగినా రెండు మాటలు చెప్పేవాళ్లు. వల నిండినా ఎండినా ఒకే గొంతుతో మాట్లాడతాడని ఒకటి, ఫుట్‌బాల్ పిచ్చోడని ఇంకొకటి. రెండోదానికి మేం నవ్వుకునేవాళ్లం. మొదటిది ఎంత పెద్ద మాటో తెలిసేసరికి ఆయన నా టీకొట్టు గడప తొక్కడం మానేశాడు. ఇది జరిగి నాలుగేళ్లయింది. నా తప్పు కూడా ఉంది కాబట్టి నేనే రాస్తున్నాను. ఇంకెవరైనా రాస్తే నన్ను వదిలేసి పేపరు చదివిపెట్టే వెంకటకృష్ణారావుగారి ఒక్కరి మీదే తోసేస్తారు.

పేరయ్య కుర్రతనంలో రైల్వే కాలనీకి చేపలు మోసుకుపోయి అమ్మేవాడు. సాయంత్రాలు అక్కడ మైదానంలో ఇంజను డ్రైవర్లు బంతి ఆడేవాళ్లు. ఒకరోజు గోల్‌కీపరు రాకపోతే, వల విసిరే చేతులు గదా అని ఈయన్ని నిలబెట్టారట. లుంగీ ఎగ్గట్టి, ఉత్తకాళ్లతో నిలబడ్డాడు. "నాలుగు ఆపానండి, రెండు పోయినయ్యి" అని ఆ కథ మాకు కనీసం వంద సార్లు చెప్పి ఉంటాడు. పోయిన ఆ రెండూ చెప్పకుండా ఒక్కసారి కూడా కథ ముగించలేదు. నేనైతే మూడోసారికే వాటిని మింగేసి ఉండేవాణ్ని.

అప్పటినుంచి ఇండియా జట్టంటే ఆయనకు ఇంటి మనుషులకింద లెక్క. అరవైరెండులో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం వచ్చినప్పుడు కాలనీలో రేడియో దగ్గర విన్నాడు. డెబ్బైలో బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చినప్పుడు నా కొట్టులోనే విన్నాడు. ఆయనకు అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. కాలువల ఆఫీసులో గుమాస్తా వెంకటకృష్ణారావుగారు రోజూ పొద్దున టీకి వచ్చి పేపరు పైకి చదివేవారు. పేరయ్య తట్ట పక్కన పెట్టి, బల్ల చివర కూర్చుని, ఆటల పేజీ వచ్చేదాకా దేశ రాజకీయాలన్నీ ఓపికగా భరించేవాడు. కంచు పతకం రోజున కొట్టులో ఉన్న ప్రతివాడికీ చేప పంచాడు. కృష్ణారావుగారికి బతికున్న కొరమీను దక్కింది.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. వేటకు వెళ్లిన పడవ ఉత్తచేతులతో తిరిగి వస్తుంటే ముందు కొనమీద తట్ట బోర్లించి పెట్టాలి. చేపలు కొని ఊళ్లో అమ్ముకునే ఆడవాళ్లు దూరంనుంచే అది చూసి, ఆ పడవకోసం నిలబడకుండా ఇంకో పడవ దగ్గరికో ఇంకో పనికో వెళతారు. ఒకసారి బంగార్రాజు అనే పడుచువాడు, కొత్తగా పెళ్లయినవాడు, సిగ్గుపడి తట్ట బోర్లించకుండానే వచ్చాడు. ఆదెమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఆ పడవకోసం ఎండలో నిలబడి ఆ పూట బేరమంతా పోగొట్టుకున్నారు. రేవు పెద్దగా పేరయ్య తీర్పు చెప్పాడు. "చేప పడకపోతే నీ తప్పు కాదురా. పడిందని జనాన్ని నిలబెట్టావు చూడు, అదీ తప్పు" అని, వారంరోజులు వాడి పడవ కట్టేయించాడు.

డెబ్బైనాలుగు సెప్టెంబరులో టెహరాన్‌లో ఏషియన్ గేమ్స్ మొదలయ్యాయి. కృష్ణ పోటుమీద ఉంది, బ్యారేజీ గేట్లు ఎత్తారు, పడవలు చాలావరకు కట్టేసే ఉన్నాయి. పనిలేని పేరయ్య తెల్లారగానే వచ్చి బల్లమీద కూర్చునేవాడు. "ఈసారి కంచు కాదు తమ్ముడూ, బంగారమే" అనేవాడు నాతో. రెండు నెలలుగా అదే మాట. మా ఇంటి ఇలవేల్పుకు కూడా నేను అన్ని దణ్ణాలు పెట్టి ఉండను.

పేపరు ముందుగా విప్పేది నేనే. నిదానంగానైనా చదవగలను. మొదటి ఆట ఓడిపోయామని ఆ పొద్దున చదివాను. పేరయ్య వచ్చి కూర్చున్నాడు. కృష్ణారావుగారు పేజీ తిప్పారు, చూశారు, పేరయ్య మొహంలోకి చూశారు.

"ఏం రాశాడండీ?" అన్నాడు పేరయ్య.

"గెలిచాం పేరయ్యా" అన్నారాయన.

నేను పాలు పొంగుతున్నాయన్నట్టు అటు తిరిగాను. పేరయ్య వెళ్లాక అడిగితే, "పాపం, నీటిమీద బతికేవాడయ్యా. వాడికున్నది ఆ ఒక్క సరదా. ఓడిపోయారంటే తట్టుకోలేడు. నాలుగు రోజులు పోతే వాడే మరిచిపోతాడు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ "పాపం" అన్న మాటతోనే మేమిద్దరం పేరయ్యను పసిపిల్లవాడి కింద జమకట్టేశాం.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. మొదటిది అతకడానికి రెండోది, రెండోది నిలబడటానికి మూడోది కావలసి వచ్చాయి. మనవాళ్లు మూడు ఆటలూ ఓడారు. చైనా అయితే ఏడు గోల్స్ కొట్టింది, మనం ఒకటి. మొదటి అంచెలోనే ఇంటిదారి పట్టారు. నా కొట్టులో మాత్రం ఇండియా ఒకటి గెలిచి, ఒకటి సమం చేసి, మళ్లీ గెలిచి, రెండో అంచెలోకి నడిచింది. చైనా ఆట వచ్చిన పేపరును నేనే ముక్కలు చేసి బజ్జీలకు పొట్లాలు కట్టేశాను. అంకెలు వచ్చిన మనిషి, ఎక్కడ ఆ ఏడు కంటబడుతుందోనని. నిజానికి అంత జాగ్రత్త అక్కర్లేదు. కృష్ణారావుగారి నోరు ఉండగా ఆయన కాగితంవంక ఎన్నడూ చూసి ఎరగడు.

రెండో అంచె అనగానే పేరయ్య ఆగలేకపోయాడు. పోటులో కూడా ఒడ్డువారనే వల విసిరి, పడ్డ నాలుగు జెల్లలూ తట్టలో వేసుకుని రైల్వే కాలనీకి వెళ్లాడు. తనను ఒకనాడు గోలులో నిలబెట్టిన మైదానంలో ఆ కబురు తానే చెప్పాలని. అక్కడేం జరిగిందో, ఆ కాలనీలో వంట చేసే తెరేసమ్మ మర్నాడు నాకు చెప్పింది.

కాలనీ ఆటగాళ్లు మొదట వేళాకోళం అనుకున్నారట. "మనవాళ్లు ఎప్పుడో ఔటయ్యారు పేరయ్యా" అన్నారట. ఈయన నవ్వి, "మా కృష్ణారావుగారు పేపరు చూసి చదివారండి, ఆయన అబద్ధమాడే మనిషి కాదు" అన్నాడట. వాళ్లు వాదిస్తే ఈయనా వాదించాడు. అంతమందిలో కృష్ణారావుగారి మాటకు తన మాట పూచీ పెట్టాడు. చివరికి ఒకాయన లోపల్నుంచి పాత పేపరు తెచ్చి, ఇండియా, చైనా అని వేలు పెట్టి చూపించాడు. అక్షరాలు తెలియకపోయినా ఒకటీ, ఏడూ పేరయ్యకు తెలుసు. చాలాసేపు వాటిమీదే చూపు పెట్టి నిలబడ్డాడట. కొంతమంది నవ్వారట. తట్ట అక్కడే పెట్టి, "వండుకోండి" అని, ఖాళీగా నడిచి వచ్చేశాడట.

"ఓడినందుకు ఏడవలేదయ్యా తిరుపతిరావూ" అంది తెరేసమ్మ నాతో. "గేటు దాకా వెళ్లి, నన్ను పిలిచి, ఆ కొట్టాయనకు కూడా చదువొచ్చు గదమ్మా అని అడిగాడు."

కాసేపటికే కృష్ణారావుగారు వచ్చారు. ఆయనకు చెబుదామనుకునేలోపే పేరయ్యా వచ్చాడు. చేతిలో కొత్త తట్ట ఉంది, ఖాళీది. ఎప్పటిలాగే బల్ల చివర కూర్చున్నాడు.

"ఇయ్యాల ఏం రాశాడండీ?" అన్నాడు.

నేను కృష్ణారావుగారికి కళ్లతో సైగ చేశాను. ఆయన చూడలేదు. పేజీ మడిచి పట్టుకుని, ఆట గట్టిగా సాగిందనీ, మనవాళ్లు చివరిదాకా వదలలేదనీ, ఎల్లుండి ఇంకో ఆట ఉందనీ చక్కగా చదివారు. లేనిదాన్ని అంత చక్కగా చదివే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పేరయ్య మధ్యలో ఆపలేదు. అంతా విన్నాడు.

"ఆళ్లు ఇంటికొచ్చేశారండి" అన్నాడు తర్వాత.

కృష్ణారావుగారి చేతిలో పేపరు కిందికి జారింది. "నీ మేలుకోరే, పేరయ్యా..." అని నసిగారు.

"మేలేంటండీ? నేను చేప పడని పొద్దులు ఎన్ని చూశాను? ఆ పొద్దున ఇంటికెళ్లి గంజి తాగలేదా? ఓడిపోతే ఆళ్లు నావాళ్లు కాకుండా పోతారనుకున్నారా? దేశంగాని దేశంలో మన పేరు మీద బరిలో దిగారు, ఓడారు, మొహం దాచుకోకుండా వచ్చారు. నాకు ఆళ్లమీద కోపం లేదండి. రేపాడినా ఆళ్లకోసమే చూస్తాను." గొంతు ఎప్పటి గొంతే. "మీరు నన్ను తడిగుడ్డతో గొంతు కోశారు."

నా వైపు ఆయన ఇంకా చూడలేదు, అది నాకు నిప్పుల మీద నిలబడ్డట్టుంది.

"సరే, ఒక్కటి చెప్పండి" అన్నాడు. "చైనా మనమీద ఏడు కొట్టిందంట. మనోళ్లు ఒకటి కొట్టారంట. అది ఎవరు కొట్టారండీ?"

కృష్ణారావుగారికి ఆ పేరు తెలియదు. ఓడిపోయామన్నంత వరకే చదివి పేజీ మడిచేసిన మనిషి ఆయన. అప్పుడు పేరయ్య నా వైపు తిరిగాడు.

"నువ్వన్నా చదివావా తమ్ముడూ?"

చదివాను. ఆ పేరు కళ్లతో చూశాను. దాచాలన్న కంగారులో అది బుర్రకెక్కలేదు. ఆ కాగితం ఎవరి బజ్జీల నూనెలోనో తడిసి పోయింది. గుర్తులేదన్నాను.

"ఏడూ దాచారు, సరే. అయ్యి నాకెట్లాగూ తెలిసేయి. మనోళ్లు కొట్టిన ఆ ఒక్కటీ నాది. దాన్ని కూడా నాకు లేకుండా చేశారు" అన్నాడు. ఈసారి గొంతు వణికింది. ఆయన గొంతు మారడం నేను అదొక్కసారే విన్నాను.

లేచాడు. తాగని టీకి డబ్బులు పెట్టాడు. తెచ్చిన తట్టను నా కొట్టు ముందు, వచ్చేపోయేవాళ్లకు కనిపించేలా బోర్లించి, రేవు వైపు వెళ్లిపోయాడు. అంతలో టీకోసం వస్తున్న ఆదెమ్మ ఆ తట్టను చూసి, ఒక్క క్షణం ఆగి, ఏమీ అడక్కుండా అవతలి కొట్టుకు నడిచింది.