తలుపు తీసినా ఆగని ఓవెన్

పాల్వంచ బస్టాండు వెనక సందులో జైరాం రిపేరు దుకాణం ఉంది. అక్కడికి ఎవరైనా మైక్రోవేవ్ ఓవెన్ తెస్తే ముందు వాళ్లను కూర్చోబెట్టి పోలీసులా ప్రశ్నలు వేస్తాడు. ప్లగ్గు బిగుతుగా ఉందా? మీ ఇంట్లో వోల్టేజీ ఎట్లుంటది? స్టీలు గిన్నె గాని, బంగారు గీత ఉన్న కప్పు గాని పెట్టిండ్రా? పళ్లెం తిరగకపోతే దాని కింద చక్రం తీసి కడిగి ఇస్తాడు. లోపల నూనె జిడ్డు అంటుకుని చిటపటమంటే తుడిచి ఇస్తాడు. అంతకుమించి చెయ్యడు. లైటు వెలుగుతూ వేడి కాకపోయినా, మోత మారినా, తలుపు కొంచెం వదులైనా సరే, స్క్రూడ్రైవర్ తీయకుండా కంపెనీ సర్వీసు వాళ్ల నంబరు రాసి చేతిలో పెడతాడు. ఇంత పేరున్న మెకానిక్‌వి, నీకు ఇంతేనా వచ్చింది అని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. చేసుకోనివ్వండి అంటాడు.

2007 మార్చి దాకా ఆయన ఇట్లాంటి మనిషి కాడు. అప్పట్లో ఆయన్ను చుట్టుపక్కల ఊళ్లన్నీ డైరెక్ట్ జైరాం అని పిలిచేవి. తండాలో పుట్టి, కొత్తగూడెంలో మోటార్లకు రాగితీగ చుట్టడం నేర్చుకుని, ఇరవై ఏళ్లకే సొంత దుకాణం పెట్టాడు. వస్తువులో ఏ స్విచ్చు కాలిపోయినా, ఏ రిలే చెడిపోయినా దాన్ని పక్కకు నెట్టి రెండు తీగలూ కలిపేసేవాడు. దాన్నే డైరెక్ట్ చేయడం అంటారు. కొత్త పార్టు ఖమ్మం నుంచి రావాలంటే పది రోజులు. పది రోజులు మోటారు ఆగితే యాసంగి వరి ఎండిపోతుంది. జైరాం పది నిమిషాల్లో నీళ్లు పోయించేవాడు. రైతులు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారంటే పెట్టుకోరా మరి! సగం స్విచ్చులు కంపెనీల వాళ్లు జనాన్ని సతాయించడానికి పెట్టినవే అని ఆయన గట్టి నమ్మకం. భార్య ద్వాలి మాత్రం అప్పుడప్పుడు అడిగేది: "నువ్వు బాగు చేస్తున్నవా, లోపలియి పీకేస్తున్నవా?" అని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ మార్చిలో ఒకరోజు సాయంత్రం ఆదినారాయణ తన తల్లి జంపక్కను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆదినారాయణ పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. వాళ్లది చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న గూడెం. తండ్రి బొజ్జయ్య అక్కడ మోటారు కింద వరి పండిస్తాడు. జంపక్కకు అరవై దాటాయి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఒక్క కంటికి కిందటేడు దవాఖానాలో శుక్లం తీశారు. ఇక పొయ్యి పొగ తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆదినారాయణ, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత మైక్రోవేవ్ ఓవెన్ కొని గూడెంలో పెట్టాడు. దాన్నే ఇప్పుడు జంపక్క బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

ఓవెన్ చెడింది ఆమె చేతిలోనే. నలభై ఏళ్లు పొయ్యి ముందు కూర్చుని వండిన మనిషి. జొన్న జావ కాచాలంటే కళ్లముందు ఉడకాలి, చేత్తో కలుపుతూ ఉండాలి. మూసిన పెట్టెలో తనకు కనబడకుండా ఉడికిన తిండిని ఆమె నమ్మదు. అందుకని అది తిరుగుతుండగానే నిమిషానికి రెండుసార్లు తలుపు లాగేది. లాగినప్పుడల్లా అది ఆగిపోయేది. కలిపి, మళ్లీ దబ్బున మూసేది. ఆరు నెలలు ఆ దెబ్బలు తిని తిని, అది తలుపు మూసినా తిరగడం మానేసింది.

"జావ కలుపుదామంటే ఆగిపోతది కొడకా," అంది జంపక్క. "పొయ్యి ఎన్నడన్న ఆగుతదా? తలుపు తీసినా ఆగకుంట చెయ్యరాదూ?"

"గదెంత పని పెద్దమ్మా! రేపటికల్లా చేసిస్త," అన్నాడు జైరాం.

అప్పటిదాకా ఆయన మైక్రోవేవ్ విప్పింది లేదు. ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. తల్లీకొడుకులు వెళ్లాక పెట్టె విప్పాడు. తలుపు కొక్కెం దగ్గర చిన్న చిన్న స్విచ్చులు మూడు కనిపించాయి. ఒకటి నల్లగా మాడింది. అలవాటు ప్రకారం దాన్నీ, దాని పక్కదాన్నీ డైరెక్ట్ చేశాడు. ఓవెన్ తిరిగింది. తలుపు తీయగానే లోపలి ఫ్యూజు ఠప్పున కొట్టేసింది. ఇంకో ఫ్యూజు వేశాడు. మళ్లీ కొట్టేసింది. అది ఎందుకు కొట్టేస్తోందో ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే అయిపోయేది. ఆలోచించలేదు. ఫ్యూజు కొట్టిస్తున్నది మూడో స్విచ్చు అని పట్టుకుని, దాని తీగ పీకేశాడు. ఇక తలుపు బార్లా తీసినా ఓవెన్ గుయ్యిమని తిరుగుతూనే ఉంది. లోపల గ్లాసుడు నీళ్లు పెట్టి, వేడెక్కాయా అని చెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. వేళ్లు లోపలి నుంచి కాలినట్టయి చురుక్కుమంది. అబ్బ, మంచి పవర్ ఉంది అనుకుని సంబరపడ్డాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆదినారాయణ నైట్ డ్యూటీ దిగి, ఓవెన్ తీసుకుని బస్సెక్కాడు. బస్సు గూడెం చేరేసరికి పది దాటుతుంది; ఊళ్లలో పది నుంచి రెండు దాకా కరెంటు కోత. ఊరందరికీ వెలుగిచ్చే ప్లాంటు ఇక్కడుంటే ఇక్కడి ఊళ్లకే చీకటి! ఆ కోతను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో జైరాం. ఆ ఒక్కరోజు మాత్రం దానికి దండం పెట్టుకున్నాడు.

పదకొండున్నరకు ఆయన ప్లాంటు కాలనీలో వెంకటేశ్వరరావు అనే ఇంజనీరు ఇంట్లో కూలరు బాగు చేస్తున్నాడు. అదే సమయానికి ఆ ఇంటి ఓవెన్ చూడటానికి ఖమ్మం నుంచి కంపెనీ సర్వీసు మనిషి వచ్చాడు. పని చూద్దామని జైరాం పక్కన చేరాడు. ఆ మనిషి ప్లగ్గు పీకాడు. పెట్టె విప్పాక వెంటనే ముట్టుకోలేదు. కాసేపు ఆగి, పిడి మందంగా ఉన్న పనిముట్టుతో లోపల ఒక డబ్బాలాంటి దాన్ని తాకించి, నిప్పురవ్వ లేచాక గాని చెయ్యి పెట్టలేదు.

"ప్లగ్గు తీసినంక గుడ భయమేనా అన్నా?" అన్నాడు జైరాం నవ్వుతూ.

"ఇది ఫ్యాన్ కెపాసిటర్ కాదన్నా. ప్లగ్గు తీసినా ఇందులో కరెంటు నిలబడి ఉంటది. ముట్టుకుంటే గుండె ఆగిపోతది," అన్నాడు ఆ మనిషి. జైరాం నవ్వు సగంలో ఆగింది. నిన్న తాను అదే డబ్బా పక్కన వేళ్లు పెట్టి గంటసేపు కెలికాడు.

ఆ మనిషి చెప్పుకుంటూ పోయాడు. "అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. కొందరు తలుపు స్విచ్చులు డైరెక్ట్ చేస్తరు. తలుపు తీయంగనే ఆగాలని పెట్టిన స్విచ్చులవి. ఆగకపోతే లోపల నీళ్లను మసలబెట్టే తరంగం బయటికొచ్చి మనిషినే ఉడకబెడతది. ముందు పోయేటియి కండ్లు."

జైరాం కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. నిన్న చురుక్కుమన్నది పవరు కాదు, తన మాంసం. ఆయన కళ్లముందు జంపక్క కనిపించింది. జావ గిన్నె మీదికి వంగి, చూపు ఆనక మొహం పెట్టె లోపలికి దూర్చి కలుపుతున్న జంపక్క. ఉన్నది ఒక్క కన్ను.

గోడ మీది గడియారం పన్నెండు కొట్టడానికి పది నిమిషాలు చూపిస్తోంది. ఆదినారాయణ సెల్లుకు ఫోను చేశాడు. స్విచ్ ఆఫ్. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి నిద్రపోతూ ఉంటాడు. గూడెంలో ఉన్న ఒకే ఒక్క రూపాయి బిళ్ల ఫోను చెడిపోయి నెలయింది. ఇక చెప్పే దారి లేదు, పోవాల్సిందే. కూలరు విప్పినదాన్ని విప్పినట్టే వదిలేసి టీవీఎస్ బండి తీశాడు. రెండింటికి కరెంటు వస్తుంది. ఆలోపు నలభై కిలోమీటర్లు పోవాలి. బండి ఎంత ముక్కినా గంటకు పాతిక దాటదు.

కొత్తగూడెంలో రైలు గేటు పడింది. బొగ్గు గూడ్సు, ఒక్కో డబ్బా ఒక్కో ఏడాది అన్నట్టు కదులుతోంది. గేటు కింది నుంచి బండి వంచి దూరదామని చూస్తే గేటుమన్ కేకలేశాడు. ఇరవై నిమిషాలు పోయాయి. జైరాంకు ఏడుపొచ్చింది. జనం చూస్తున్నారని కూడా లేకుండా కళ్లు తుడుచుకున్నాడు.

గేటు లేచాక అడవి రోడ్డు. ఎండకు తారు మెత్తబడి ఉంది. ఇప్పపూల వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. దోవలో ఒక్క చోట కూడా ఆగలేదు. ఇంజను కాలి సెగ పిక్కలకు తగులుతున్నా ఆపలేదు. ఆపి చల్లార్చకపోతే బండి పట్టేస్తుందని మెకానిక్‌గా ఆయనకు తెలుసు. పట్టేస్తే పరిగెత్తుతాను అనుకున్నాడు.

చండ్రుగొండ ఊళ్లోకి వచ్చేసరికి ఒంటిగంటా నలభై. ఇంకా ఇరవై నిమిషాలుంది, గూడెం మూడు కిలోమీటర్లే. హమ్మయ్య అని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడో లేదో, రోడ్డు పక్క పిండిగిర్ని టకటకమని మొదలైంది. వెంటనే హోటల్లో రేడియో మోగింది.

కరెంటు ముందే వచ్చేసింది.

ఆ మూడు కిలోమీటర్లు ఎట్లా నడిపాడో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు. గూడెంలో ఆదినారాయణ ఇంటి ముందు బండిని నిలబెట్టకుండా కింద పడేసి లోపలికి ఉరికాడు. గుయ్యిమని మోత వినబడుతోంది. జంపక్క ఓవెన్ ముందు పీట మీద కూర్చుని, బార్లా తీసిన తలుపు ముందు గరిటె చేత పట్టుకుని వంగుతోంది. జైరాం ఆమె మీది నుంచే చెయ్యి చాపి ప్లగ్గు పీకిన ఊపుకు బోర్డు గోడ నుంచి ఊడి వేలాడింది. జావ గిన్నె దొర్లింది.

"ఏందిరా నీకు? మీద దయ్యమెక్కిందా?" అని అరిచింది జంపక్క.

"పెద్దమ్మా, ఎంతసేపాయె ఇది వెట్టి? ఎంతసేపాయె?"

"ఇప్పుడే కరెంటొచ్చింది. పిండి కలిపి గిన్నె వెట్టి, గరిటె కోసం లేసి ఇగో గిప్పుడే కూసున్న. ఏందట?"

"నీ కన్ను? నీ కన్ను మంచిగున్నదా? నేను కనబడుతున్ననా?"

"చెమటతోటి దున్నపోతు లెక్క కనబడుతున్నవ్," అంది ఆమె.

జైరాం నేల మీద చతికిలబడ్డాడు. అలికిడికి ఆదినారాయణ లేచి వచ్చాడు. ఆ క్షణాన జైరాం బుర్రలో ఒక అబద్ధం తయారుగా ఉంది. లోపల ఒక స్క్రూ మర్చిపోయిన, తీసుకపోయి రేపు తెస్త అంటే చాలు. ఇరవై ఏళ్ల పేరు నిలబడుతుంది. నోరు తెరిచాడు కూడా. ఈలోపు జంపక్క కొడుకుతో, "వాన్నేమనకురా. మంచిగ చేసిండు. తలుపు తీసినా పొయ్యి లెక్కనే నడిచింది," అంది.

ఆ మెచ్చుకోలుకు జైరాం సిగ్గుతో చచ్చిపోయాడు. అబద్ధాన్ని మింగేశాడు.

"మంచిగ చెయ్యలే పెద్దమ్మా. నాకు దీని పని రాదు. రాదని మీకు చెప్పలే. నీ కన్ను పోతుండె," అని స్విచ్చుల సంగతంతా చెప్పేశాడు. బండికి తగిలించిన పనిముట్ల సంచిలోంచి కత్తెర తెచ్చి, ఎవరూ మళ్లీ పెట్టకుండా ఓవెన్ తీగను మొదలుకంటా కత్తిరించాడు. "కంపెనీ మనిషి ఖమ్మంల ఉన్నడు. ఆయన చూసి బాగైతదంటేనే వాడుండ్రి. కాదంటే పడేయుండ్రి."

ఆదినారాయణ మొహం ఎర్రబడింది. "మా ప్లాంటుల ఒక్క స్విచ్చు గిట్ల కలిపితే నౌకరి ఊడుతది జైరామన్నా. బయట నిన్ను అడిగెటోడు లేడని ఇష్టమొచ్చినట్టు చేసుడేనా?" అన్నాడు. జైరాం తల వంచుకుని మాట పడ్డాడు. పడాల్సిందే.

జంపక్క మాత్రం తిట్టలేదు. దొర్లిన జావ గిన్నెను తీసి నిలబెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "మరి మా పొలంకాడి మోటారుకు గుడ నువ్వు గిట్లనే చేసినవ్ గదా కొడకా. కరెంటు ఎక్కువ తక్కువైతే ఆపేసే డబ్బా ఏదో పాడైందని, తీసేసి తీగలు కలిపినవ్. కరెంటు రాంగనే దానంతటదే నడుస్తది, మంచిగుందని మా ముసలాయన మురిసిండు. అది గుడ ఇట్లాంటిదేనా?"

ఆ డబ్బా ఎందుకుంటుందో జైరాంకు ఓవెన్‌లా తెలియని సంగతి కాదు. ఇరవై ఏళ్లుగా తెలుసు. మోటారులో తేడా వచ్చి లోపలి తీగ కాలి, ఇనప పైపుకూ నీళ్లకూ కరెంటు పాకకముందే ఆపేసి మనిషిని కాపాడటానికే అది.

"ఎన్ని మోటార్లకు చేసినవ్?" అంది జంపక్క.

ఊరి పేర్లు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటూ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి మడిచాడు. మూడోసారి మడవబోతూ ఆగి తలెత్తాడు.

"బొజ్జయ్య పెద్దనాన్న ఏడి?"

"మడికాడికి పోయిండు. నీళ్లు గడుతనన్నడు."

ముగ్గురూ ఒకేసారి లేచారు. జైరాం చెప్పులు కూడా లేకుండా ముందు ఉరికాడు, వెనక ఆదినారాయణ, ఆ వెనక కొంగు నడుముకు దోపుకుని జంపక్క. గట్టెక్కేసరికి మోటారు అప్పటికే నడుస్తోంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులా ఇనప పైపు పట్టుకుని దారి మళ్లిస్తున్న బొజ్జయ్య వాళ్లను చూసి, ఒక చెయ్యి వదిలి సంతోషంగా ఊపాడు.