తీగల్లో దాచిన పేరు

అనకాపల్లిలో పెళ్లికూతుళ్లకు మెహందీ పెట్టే మెహజబీన్ తన డిజైన్ల పుస్తకం ఎవరికీ చూపించదు. ఎవరైనా తొంగిచూస్తే దుపట్టా కప్పేస్తుంది. "గీసిన నిమిషం నుంచీ బొమ్మ మీద హక్కు గీసినోళ్లదే. లాయరుగారే సెప్పేరు" అని చెయ్యి చాపిన ప్రతివాళ్లకీ అప్పజెబుతుంది. కోన్ ఆగదు, నోరూ ఆగదు. స్టేటస్‌లో పెట్టిన ఫొటోల్లో మూలనున్న తన పేరు కత్తిరించి వాడేసుకుంటున్నారని, ఈమధ్య తీగల మధ్యే పేరు కలిపి గీస్తోంది. భూతద్దం పెట్టినా దొరకదని ఆమె ధీమా.

మొన్న మునగపాక పెళ్లిలో మెహందీ పెట్టే ఇంకెవరో అలాంటి ఓ ఫొటో చూసి, ఆ అక్షరాలూ తీగలే అనుకుని పేరుతో సహా పెళ్లికూతురి చేతిమీదికి దించేశారు. ఆనవాయితీ ప్రకారం పెళ్లికొడుకు ఆ చేతిలో తన పేరు వెతుక్కున్నాడు. అరగంటకి ఓ పేరు దొరికింది. "ఈ మెహజబీన్ ఎవులు?" అన్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది.

ఆ చేతి ఫొటో మెహజబీన్ భర్త ఫరూఖ్ ఫోన్‌కీ వచ్చింది. "సాచ్చికం దొరికింది కదా, కేసెడతావేటి?" అన్నాడు భయంభయంగా. మెహజబీన్ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. మొహం కందగడ్డయింది.

"ఇంత వంకర ఆకులు గీసి, నా పేరెడతాదా!"