మామిడిపళ్ల బుట్టలో మా పిల్లి

మా పిల్లిని మొదటిసారి రామచంద్రపురం పశువుల ఆసుపత్రికి గోనెసంచిలో తీసుకెళ్లాం. మా వైపు పిల్లుల్ని కాలవ దాటించి వదిలేసేదీ గోనెసంచిలోనే. ఇదీ అలా మా వీధికి చేరిన పిల్లే. నా చేతులు రక్కేసి, డాక్టరుగారి బీరువా ఎక్కి కూర్చుంది.

"పిల్లికి వైద్యమేంటే, చోద్యం కాకపోతే!" అన్నారు అత్తగారు.

నాకు ఒళ్లు మండింది. మామిడిపళ్ల బుట్టలో నా పాత చీర పరిచి వంటింట్లో పెట్టాను. పోనుపోను పిల్లి అందులోనే నిద్రపోసాగింది. మళ్లీ సూదిమందుకు వెళ్లాల్సిన రోజున, ఆసుపత్రి ముందు కట్టేసే గేదెలు దానికి కనపడకుండా తువ్వాలు కప్పి, ఆ బుట్టతోనే బయల్దేరాను. ఎలా రక్కుతుందో చూద్దామని అత్తగారూ వచ్చారు.

డాక్టరుగారు దాన్ని బయటికి తియ్యకుండానే సూది వేశారు. పిల్లి ఆవులించి మళ్లీ ముడుచుకుంది.

తిరిగి వస్తుంటే బుట్ట అత్తగారి చంకలో ఉంది.

"గేదెల్ని పక్కకి లాగండయ్యా, పిల్లి పడుకుంది!"