చిక్కగా కనిపించిన పప్పు

పొద్దున లేవగానే ఆర్మూరులో సగం మంది ఫోనులో పసుపు ధర చూసుకుంటారు, నేను మాత్రం కందిపప్పు ధర చూస్తాను. ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మాయీ, నెలకు కిలో పప్పు చాలు, అయినా మొన్న ధర మళ్లీ ఎగబాకినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. "నీకెందుకమ్మా గా ఫికర్" అని అమ్మాయి కసురుకుంటుంది. ఎందుకో దానికి ఏనాడూ చెప్పలేదు, నా ఈడువాళ్లైన మీకైతే చెప్పుకోవచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌ని. బియ్యం సర్కారు నుంచి వచ్చేవి, పప్పూ నూనే కూరగాయలూ మాత్రం పిల్లకు ఇంత అని ఇచ్చే మెస్ ఛార్జీల్లోంచే బజారులో కొనుక్కోవాలి. బజారు ధర వారానికోసారి మారినా ఆ ఛార్జీ ఏళ్ల తరబడి కదిలేది కాదు. ఆ ఏడు పసుపు ధర పడిపోయింది, పప్పు ధర కొండెక్కింది. పసుపు అమ్ముడుపోని తండ్రులు బిడ్డలను చూడవచ్చినప్పుడు, తినడానికి ఏమీ తేలేక, పసుపు కొమ్ములే నా చేతిలో పెట్టి పోయేవారు. భర్త దుబాయి వెళ్లి జాడ లేకుండా పోయిన మా వంటక్క ఆ కొమ్ములు దంచి, ఉన్న కాస్త పప్పులో బియ్యప్పిండి కలిపి, పసుపు గుప్పెడు ఎక్కువ వేసేది. చూస్తే గట్టిపప్పే. ఆ రంగు చూసి పిల్లలు రెండు ముద్దలు ఎక్కువ తింటారని మా ఆశ, కానీ ఆలూర్ పిల్ల ఒకతి, ఆరో తరగతిది, రోజూ సగంలోనే లేచేది. అడిగితే "చేదున్నది మేడం" అని తల దించుకునేది. గౌనులోంచి దాని భుజాల ఎముకలు కనబడేవి.

ఉండబట్టలేక ఛార్జీ పెంచమని పైకి అర్జీ పెట్టాను. చూసి పోవడానికి ఒక ఆఫీసరుగారు వస్తున్నారని కబురొచ్చింది. పిండి కలపని నీళ్లలాంటి పప్పును ఉన్నది ఉన్నట్టు చూపిద్దామనే అనుకున్నాను. "సారు ముంగట మన ఇజ్జత్ పోతది మేడం" అని వంటక్క ఆరోజు పిండీ పసుపూ ఇంకాస్త దట్టించింది. నేను చూశాను, వద్దనలేదు. చేతకాని వార్డెన్ అనిపించుకుంటానేమోనని నాకూ భయమే. ఆయన తినే వచ్చానంటూ గుమ్మంలోంచే గంగాళంలోకి తొంగిచూసి, "పప్పు చిక్కగనే ఉన్నది గదా, ఇంకేం గావాలె మీకు" అని నవ్వి వెళ్లిపోయారు. గరిటె నా చేతిలోనే ఉంది. అడుగు నుంచి కలిపి చూపించి ఉంటే నాలుగు పప్పు బద్దలు కూడా తేలేవి కావు.

ఇచ్చేది సరిపోతున్నదని రాసి అర్జీ తిప్పి పంపారు. దసరా సెలవులకు ఇంటికి పోయిన ఆలూర్ పిల్ల మళ్లీ రాలేదు, తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ధరలు గంట గంటకూ అరచేతిలో కనబడుతున్నాయి, హాస్టల్ వంటలను కూడా ఆఫీసర్లు ఫోటోలు తెప్పించుకుని చూస్తున్నారట. ఫోటోలో పప్పు ఇంకా చిక్కగా కనిపిస్తుంది కదా. ఆ పిల్లకు ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు. మా ఇంట్లో పప్పుకు కొదవ లేదు, అయినా అమ్మాయి ఎంత విసుక్కున్నా, వడ్డించే ముందు గరిటె అడుగుదాకా పెట్టి కలిపి చూడనిదే నేను కూర్చోలేను.