జోకర్లు పెట్టెలోకి వెళ్లిన వారం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో నలుగురు రాజులున్నారు, నలుగురు రాణులున్నారు, ఏడు వరుసల్లో మోహరించిన సైన్యం ఉంది. రెండు ఘోర పరాజయాలు, ఒక భీషణ ప్రతిజ్ఞ కూడా ఉన్నాయి. ఊపిరి బిగబట్టి చదవమందామనుకున్నాను గానీ, ఆ రాజులూ రాణులూ పేక ముక్కలు. యుద్ధభూమి ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊళ్లో మా ఇంటి భోజనాల బల్ల. యోధురాలు మా అమ్మ. ఆవిడకు కావలసింది రాజ్యం కాదు, డ్రైవింగ్ లైసెన్సు.

తొంభయ్యో సంవత్సరం, అటూ ఇటూ. నేను యూనిలో, అంటే ఇక్కడి యూనివర్సిటీలో, మొదటి ఏడాది చదువుతున్నాను. నాన్న అక్కడే లెక్కలు చెప్పేవాడు. అమ్మ గుంటూరులో పన్నెండేళ్లు నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఊరి చివర వృద్ధులను చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో ఆవిడకు ఉద్యోగం ఖాయమైంది, ఒక్క మెలికతో. పొద్దుటి డ్యూటీ ఆరున్నరకు మొదలవుతుంది, మొదటి బస్సు ఏడున్నరకు వస్తుంది. నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే చేరవచ్చు, లేదంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. రోజూ తానే దించుతానని నాన్న మాటిచ్చాడు. రెండు రోజులు దించి మూడో రోజు మరిచిపోయే మనిషని పెళ్లయిన నాటి నుంచీ ఆవిడకు తెలుసు.

టెస్టు అప్పటికే రెండుసార్లు పోయింది. మొదటిసారి ఎత్తు మీద ఆపిన కారు ముందుకు కదలకుండా వెనక్కి జారింది. టూవూంబాలో ఎత్తుపల్లాలు లేని వీధి కోసం వెతుక్కోవాలి. రెండోసారి వెనక్కి పార్కింగ్ చేస్తూ ఫుట్‌పాత్ ఎక్కించింది. పక్కన కూర్చున్న అధికారి ముఖం చూస్తేనే ఫెయిలని తెలిసిపోయిందని ఇంటికొచ్చి చెప్పింది. ఆయన ముఖం చూసే బదులు అద్దంలో చూసి ఉంటే బాగుండేదన్నాను. ఆ పూట నా అన్నం నేనే పెట్టుకున్నాను.

పేక విషయానికొస్తే, ఒంటరిగా ఆడుకునే ఈ ఆటను అమ్మకు నేర్పింది పక్కింటి ఆంటీ. డెబ్బై దాటిన ఆస్ట్రేలియన్ ఆవిడ. ఇక్కడివాళ్లు దీన్ని పేషెన్స్ అంటారు. ముక్కలు కలిపి ఏడు వరుసలు పరచాలి. మొదటి వరుసకు ఒకటి, రెండో దానికి రెండు, అలా ఏడో దానికి ఏడు. ప్రతి వరుసలోనూ చివరి ముక్క ఒక్కటే ముఖం చూపిస్తుంది, మిగతావి బోర్లా పడుకుంటాయి. నల్ల తొమ్మిది మీద ఎర్ర ఎనిమిది, దాని మీద నల్ల ఏడు, అలా దిగుతూ పోవాలి. వరుస ఖాళీ అయితే అక్కడ రాజు తప్ప ఎవరూ కూర్చోకూడదు. మిగిలిన ముక్కలను చేతిలో పట్టుకుని మూడేసి చొప్పున తిప్పి చూసుకోవాలి. ఆసు కనబడితే పైకి తీసి, దాని మీద ఆ జాతి ముక్కలనే రాజు దాకా పేర్చాలి. ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను నాలుగూ అలా పూర్తయితే ఆట పండినట్టు.

అమ్మ అన్నీ సరిగ్గానే నేర్చుకుంది, ఒక్కటి తప్ప. ఆంటీ తన పేకలోంచి జోకర్లను ఏనాడో తీసేసింది. తీసేయాలని వేరే చెప్పాలని కూడా ఆవిడకు తోచలేదు. మా వైపు పేకంటే రమ్మీ, రమ్మీ అంటే జోకరు. చేతికొచ్చిన జోకర్ని అవతల పడేసే మనిషిని అమ్మ తన జన్మలో చూడలేదు. అందుకని మా ఇంట్లో ఆ రెండు జోకర్లూ ఎప్పుడు ఏ ముక్క కావాలంటే ఆ ముక్కగా పనిచేసేవి. ఆట దాదాపు రోజూ పండేది. పండితే పాసవుతానని అమ్మ మనసులో అనుకుంది. రెండు టెస్టుల ముందూ దివ్యంగా పండింది.

రెండోది పోయాక ఓదార్చడానికి ఆంటీ ఒక ఆర్వో, అంటే మధ్యాహ్నం పూట, టీకి వచ్చింది. బల్ల మీద నల్ల పదికీ నల్ల ఎనిమిదికీ మధ్య హాయిగా కూర్చున్న జోకర్ని చూసి కళ్లద్దాలు సర్దుకుంది.

"వాట్స్ హీ డూయింగ్ దేర్, లవ్?"

అమ్మ వివరించింది. ఆంటీ కప్పు కింద పెట్టి, చాలా మర్యాదగా, అది చీటింగ్ అని చెప్పింది.

అమ్మకు దారి కనబడింది. రెండు ఓటములకూ కారణం క్లచ్చు కాదు, జోకరు. ఆ సాయంత్రమే జోకర్లు రెండింటినీ పేక పెట్టెలో వేసి మూసేసింది. మూడో టెస్టు గురువారం. ఈలోగా ఒక్కసారైనా నిజాయితీగా ఆట పండితేనే వెళ్తానని, లేకపోతే ఉద్యోగం మాటే ఎత్తనని ప్రకటించింది. పండే అవకాశం ఎంతని నాన్నను అడిగింది. కచ్చితంగా లెక్క కట్టి చెప్పగల గణితం ఇంకా లేదన్నాడాయన.

"ఇంత చదివి ఏం లాభమండీ" అంది అమ్మ.

ఇదంతా మూఢనమ్మకమని నిరూపిద్దామని నేను యూని లైబ్రరీకి వెళ్లాను. ఈ ఆటను చెరలో ఉన్న ఒక చక్రవర్తి కనిపెట్టాడని ఒక పుస్తకంలో ఉంది, అది కట్టుకథని ఇంకోదాంట్లో ఉంది. అమ్మ ఆడే రకానికి క్లాండైక్ అని పేరట. అది కెనడాలో బంగారం కోసం జనం ఎగబడిన చలి ప్రాంతం. వాళ్లు అక్కడ దీన్ని ఆడారో లేదో చూసినవాళ్లు లేరు. ఒంటరి పేకాటలు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఉత్తర ఐరోపాలో మొదలయ్యాయని, ఆట పండితే అనుకున్నది జరుగుతుందని జోస్యం కోసమే మొదట్లో ఆడి ఉంటారని మాత్రం చాలామంది రాశారు. అంటే ఏ పుస్తకమూ తెరవకుండానే అమ్మ శాస్త్రోక్తంగా ఆడుతోంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

సోమవారం పండలేదు. మంగళవారం ఐదు ఆటలు వేసింది, పండలేదు. బుధవారం సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పొద్దుటి పూట మాత్రం ఆంటీని మా కారులో పక్కన కూర్చోబెట్టుకుని, ఎత్తు వీధుల్లో ఆపడం, కదలడం, ఆపడం. టెస్టుకు వెళ్లని మనిషికి ఇంత ప్రాక్టీసెందుకని నాకు తోచి ఉండాల్సింది.

గురువారం టెస్టు పదింటికి. తొమ్మిదింటికి చివరి ఆట వేసింది. ఆసులు నాలుగూ పైకెక్కాయి. ఇక ఆటీను ఆరు ఒక్కటి దొరికితే అన్నీ వరసగా లేచిపోతాయి. అదేమో ఆఖరి వరుస అడుగున బోర్లా ఉంది. పైనున్నవాటికి వెళ్లే చోటు లేదు. బయట కారులో కూర్చుని ఆంటీ హారన్ కొట్టింది. నేను పెట్టె తెరిచి ఒక జోకర్ని తీసి అమ్మ ముందుకు జరిపాను. వేళాకోళానికి కాదు.

"పెట్టేయమ్మా. ఎవరు చూశారు?"

అమ్మ జోకర్ని చూసింది, నన్ను చూసింది.

"కారు వెనక్కి పెట్టాల్సింది నేను కదే. ఈయనొచ్చి తిప్పుతాడా స్టీరింగు?"

ముక్కలు అలాగే వదిలేసి, షూస్ వేసుకుని వెళ్లిపోయింది.

పదకొండున్నరకు కారు మా వీధిలోకి తిరిగింది. ఆంటీ తన గేటు దగ్గర దిగిపోయింది. మిగిలిన ఇరవై గజాలూ అమ్మ ఒక్కతే నడుపుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు వెనక్కి పార్కింగ్ చేసింది. ఫుట్‌పాత్ ఎక్కలేదు. జోస్యాన్ని కాలదన్ని గెలిచిన మనిషి మా అమ్మ అనుకున్నాను. ఆట పండకపోయినా అంత ధైర్యంగా ఎలా వెళ్లావని అడిగాను.

"ధైర్యమా?" అంది అమ్మ, పొయ్యి మీద అన్నానికి ఎసరు పెడుతూ. "ఫ్రిజ్ మీద కాగితం చూడలేదా నువ్వు?"

వెళ్లి చూశాను. టెస్టు బుకింగ్ కాగితం. రద్దు చేసుకోదలచినవారు రెండు పనిదినాల ముందుగా ఫోన్ చేయాలని, లేకపోతే కట్టిన ఫీజు తిరిగి రాదని అడుగున రాసి ఉంది.